డిమెన్షియా ఉన్నవారితో వ్యవహరించడంలో పోలీసు శిక్షణ

డిమెన్షియా ఉన్నవారితో వ్యవహరించడంలో పోలీసు శిక్షణ అనేది జ్ఞాపకశక్తి, ఆలోచన, భాష, దారి పోల్చుకోగల శక్తి క్షీణించిన వ్యక్తులను గుర్తించడం, వారితో మాట్లాడడం, వారికి హాని కలగకుండా చూడడం, తప్పిపోయినవారిని వెదకి ఇంటికి చేర్చడం అనే విషయాలపై పోలీసు సిబ్బందికి ఇచ్చే శిక్షణ. డిమెన్షియాను తెలుగులో చిత్తవైకల్యం అని, వాడుకలో మతిమరుపు జబ్బు అని అంటారు. అల్జీమర్స్ వ్యాధి దీనికి అన్నిటికంటే సాధారణమైన కారణం.

ఈ విషయంలో విస్తృతమైన అనుభవం ఉన్న దేశాలలో అమెరికా సంయుక్త రాష్ట్రాలు, బ్రిటన్, జపాన్ ముఖ్యమైనవి. భారతదేశంలో ఈ పేరుతో ప్రత్యేక చట్టం లేకపోయినప్పటికీ, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పోలీసులకు కొన్ని స్పష్టమైన బాధ్యతలను అప్పగించింది.

నేపథ్యం

డిమెన్షియా ఒకే వ్యాధి కాదు. మెదడును దెబ్బతీసే అనేక వ్యాధుల వలన కలిగే లక్షణాల సముదాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా 5.7 కోట్ల మందికి డిమెన్షియా ఉన్నది. ఏటా దాదాపు కోటి మంది కొత్తగా దీని బారిన పడుతున్నారు. వీరిలో 60 నుండి 70 శాతం మందికి అల్జీమర్స్ వ్యాధి కారణం. మెదడులోని రక్తనాళాలు దెబ్బతినడం వలన వచ్చే డిమెన్షియా, లూయీ బాడీ డిమెన్షియా, ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియా మిగిలిన వాటిలో ముఖ్యమైనవి.

పోలీసుల పని చాలావరకు మాట మీద ఆధారపడి ఉంటుంది. "ఆగు", "చేతులు పైకెత్తు", "పేరు చెప్పు" వంటి ఆజ్ఞలు ఎదుటివారికి అర్థమవుతాయని, అర్థమైనవారు పాటిస్తారని పోలీసు భావిస్తాడు. డిమెన్షియా ఉన్న వ్యక్తి విషయంలో ఈ రెండూ జరగకపోవచ్చు. మాట చెవిన పడినా దాని అర్థం మెదడుకు అందదు. అందినా, జవాబు వెదుక్కునేలోగా రెండవ ప్రశ్న వచ్చి మొదటిది చెరిగిపోతుంది. బయటి నుండి చూసేవారికి ఇది మొండితనంగాను, తాగిన మైకంగాను, ధిక్కారంగాను కనిపిస్తుంది. అప్పుడు పోలీసు గొంతు పెంచడం, చేయి పట్టుకోవడం జరుగుతుంది. ఎవరో తన మీద దాడి చేస్తున్నారని భయపడి ఆ వ్యక్తి విదిలించుకుంటే, అదే "పోలీసు విధులకు ఆటంకం" అవుతుంది. ఎముకలు పెళుసుబారిన వయసులో ఆ పెనుగులాట ప్రాణాపాయానికి కూడా దారి తీయవచ్చు. ఈ క్రమాన్ని మొదటి మెట్టులోనే ఆపడం శిక్షణ యొక్క ముఖ్య ఉద్దేశం.

పోలీసులకు ఎదురయ్యే సందర్భాలు

దారితప్పడం: అన్నిటికంటే తరచుగా ఎదురయ్యేది ఇదే. డిమెన్షియా ఉన్నవారిలో పదిమందికి ఆరుగురు ఎప్పుడో ఒకప్పుడు ఇల్లు విడిచి దారితప్పుతారని అమెరికాలోని అల్జీమర్స్ అసోసియేషన్ చెబుతుంది. 24 గంటలలోగా ఆచూకీ దొరకకపోతే వారిలో సగం మంది వరకు తీవ్రంగా గాయపడే లేదా మరణించే ప్రమాదం ఉన్నదని కూడా ఆ సంస్థ హెచ్చరిస్తుంది. వీరు తరచు గమ్యం లేకుండా తిరగరు. ఎప్పుడో మానేసిన ఉద్యోగానికి, చిన్ననాటి ఇంటికి, చనిపోయిన తల్లి దగ్గరకు వెళ్తున్నామనే నమ్మకంతో బయలుదేరుతారు.

దుకాణాలలో: వస్తువు తీసుకుని డబ్బు చెల్లించడం మరచిపోయి బయటకు నడవడం వలన దొంగతనం ఫిర్యాదులు వస్తాయి.

వాహనాలు నడపడం: తెలిసిన రోడ్డు మీదే దారి మరచిపోవడం, ఎదురుదిశలో నడపడం, ప్రమాదం జరిగిన తరువాత అక్కడి నుండి వెళ్ళిపోవడం వంటివి జరుగుతాయి. మద్యం తాగినట్లు అనుమానించి పరీక్షించినపుడు అసలు విషయం బయటపడుతుంది.

వాస్తవం కాని ఫిర్యాదులు: తానే ఎక్కడో దాచిన నగనో డబ్బునో పనిమనిషి లేదా కోడలు దొంగిలించిందని ఫిర్యాదు చేయడం, అద్దంలో తన రూపాన్నే చూసి ఇంట్లో ఎవరో చొరబడ్డారని చెప్పడం ఈ కోవలోనివి. లూయీ బాడీ డిమెన్షియాలో మనుషులు, జంతువులు స్పష్టంగా కనిపించే భ్రమలు కలుగుతాయి. ఫిర్యాదు చేసే వ్యక్తి అబద్ధం చెప్పడం లేదు, తనకు తెలిసిన నిజమే చెబుతున్నాడు.

ఇంటిలో ఘర్షణ: భార్యను గుర్తుపట్టక పరాయి వ్యక్తి అని కొట్టబోవడం, స్నానం చేయించబోయిన వారి మీద తిరగబడడం వంటి సందర్భాలలో కుటుంబ సభ్యులే పోలీసులను పిలుస్తారు. వారు కోరేది సహాయం, అరెస్టు కాదు.

నిరాదరణ, మోసం: డిమెన్షియా ఉన్నవారు నేరాలకు గురికావడం కూడా ఎక్కువే. ఆస్తి పత్రాల మీద సంతకాలు చేయించుకోవడం, ఫోన్ మోసాలు, తిండి పెట్టకుండా గదిలో బంధించడం వీటిలో ఉన్నాయి. బాధితుడు తేదీలు తప్పు చెప్పినంత మాత్రాన ఫిర్యాదును కొట్టివేయరాదని శిక్షణలో బోధిస్తారు. నిజమైన దొంగతనానికీ, మరచిపోయి చేసిన ఫిర్యాదుకూ తేడా విచారించిన తరువాతనే తెలుస్తుంది.

వయసు తక్కువగా ఉన్నవారు: ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియా తరచు 45-65 ఏళ్ళ మధ్యలో మొదలవుతుంది. దీనిలో జ్ఞాపకశక్తి కంటే ముందు నడవడి, విచక్షణ దెబ్బతింటాయి. 2015లో కాలిఫోర్నియాలోని ఒక వైద్య కేంద్రానికి చెందిన 2,397 మంది రోగుల రికార్డులను పరిశీలించిన అధ్యయనంలో, అల్జీమర్స్ ఉన్నవారిలో 7.7 శాతం మంది నేరంగా పరిగణించదగిన పనులు చేయగా, నడవడిని దెబ్బతీసే రకం ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియా ఉన్నవారిలో ఇది 37.4 శాతంగా ఉన్నది. చూడడానికి ఆరోగ్యంగా, మధ్యవయస్కులుగా ఉండడం వలన వీరి జబ్బును పోలీసులు పోల్చుకోవడం మరింత కష్టం.

శిక్షణలోని ముఖ్యాంశాలు

గుర్తించడం

కాలానికి తగని దుస్తులు (మండుటెండలో స్వెట్టరు, చలిలో పలుచని బట్టలు), ఒకే ప్రశ్నను మళ్ళీ మళ్ళీ అడగడం, చిరునామా అడిగితే దశాబ్దాల క్రితపు ఇంటిని చెప్పడం, తేదీ లేదా ఋతువు తెలియకపోవడం, ప్రశ్నకు సంబంధం లేని జవాబు, చూపులో అయోమయం మొదలైనవి సూచనలు. చేతి కంకణం, లాకెట్టు, జేబులోని కాగితం, చొక్కా లోపల కుట్టిన పేరు వెదకాలి.

అయోమయం కొన్ని గంటలలో లేదా ఒకటి రెండు రోజులలో హఠాత్తుగా మొదలైతే అది డిమెన్షియా కాకుండా డెలీరియం కావచ్చు. మూత్రకోశ ఇన్ఫెక్షన్, రక్తంలో చక్కెర పడిపోవడం, ఒంట్లో నీరు తగ్గడం, కొన్ని మందులు దీనికి కారణాలు. డిమెన్షియా ఉన్నవారికి ఇది తేలికగా వస్తుంది. ఇది వైద్యపరమైన అత్యవసర పరిస్థితి. అటువంటి వ్యక్తిని స్టేషనుకు కాక ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

సమీపించడం, మాట్లాడడం

• ఎదురుగా, నెమ్మదిగా రావాలి. వెనుక నుండి వచ్చి భుజం మీద చేయి వేయరాదు.
• సైరను, తిరిగే దీపాలు ఆపివేయాలి. గుమిగూడిన జనాన్ని దూరంగా పంపాలి.
• ఒక్కరే మాట్లాడాలి. తానెవరో, సహాయానికి వచ్చానని చెప్పాలి. అవసరమైతే దానిని మళ్ళీ చెప్పాలి.
• ఒకసారికి ఒక్క ప్రశ్న అడగాలి. అవును, కాదు అని చెప్పగల ప్రశ్నలు మేలు. జవాబు కోసం ఓపికగా వేచి ఉండాలి. మళ్ళీ అడగవలసి వస్తే అవే మాటలతో అడగాలి. మాటలు మారిస్తే ఎదుటివారికి అది కొత్త ప్రశ్న అవుతుంది.
• వాదించరాదు. "మీ అమ్మగారు చనిపోయి ముప్పై ఏళ్ళయింది" అని సరిదిద్దితే ఆ దుఃఖం వారికి అప్పుడే కొత్తగా కలుగుతుంది. "అమ్మగారి గురించి చెప్పండి" అని మాటను మళ్ళించడం మంచిది.
• మాట కంటే ముఖకవళిక, గొంతు ముఖ్యం. మాటల అర్థం పోయిన తరువాత కూడా కోపాన్ని, దయను పోల్చుకునే శక్తి చాలాకాలం మిగిలి ఉంటుంది.

సాయంకాలం అయ్యేసరికి అయోమయం, ఆందోళన పెరగడం చాలామందిలో కనిపిస్తుంది. సందెవేళ వచ్చే ఫోన్లలో దీనిని దృష్టిలో ఉంచుకోవాలి.

బలప్రయోగం

ఎదుటి వ్యక్తి చేతిలో వస్తువు ఉన్నా, అతడు కదలలేని స్థితిలోనో నెమ్మదిగా నడిచే స్థితిలోనో ఉంటే దూరం పాటించి సమయం తీసుకోవడమే మంచి పద్ధతి. వెనక్కు తగ్గడం, తలుపు మూసి వేచి ఉండడం, తెలిసిన మనిషిని పిలిపించడం, తినడానికి ఏదైనా ఇచ్చి చేతిలోని వస్తువును విడిపించడం వంటివి నేర్పుతారు. చేతులు వెనక్కు విరిచి బేడీలు వేస్తే ముసలివారికి భుజం కీలు తొలగవచ్చు, ఎముక విరగవచ్చు. టేజర్ అనే విద్యుదాఘాత ఆయుధం తగిలిన మనిషి కండరాలు బిగిసి, చేతులు అడ్డుపెట్టుకోలేక నిలువునా పడిపోతాడు. వృద్ధులకు ఆ పాటే మరణకారణం కాగలదు.

విచారణ

డిమెన్షియా ఉన్నవారు జ్ఞాపకంలోని ఖాళీలను తెలియకుండానే కల్పనతో పూరిస్తారు. ప్రశ్నించేవారి మాటకు "అవును" అనడం కూడా ఎక్కువ. అందువలన వారి నేరాంగీకారాన్ని నమ్మదగిన సాక్ష్యంగా తీసుకోలేము. కుటుంబ సభ్యుల సమక్షంలో, చిన్న చిన్న విడతలుగా మాట్లాడాలని శిక్షణ సూచిస్తుంది.

గాలింపు

తప్పిపోయినవారి ప్రవర్తనపై అమెరికాకు చెందిన రాబర్ట్ కోస్టర్ చేసిన పరిశోధన (2008లో పుస్తకంగా వచ్చింది) గాలింపు బృందాలకు ముఖ్యమైన ఆధారం. దీని ప్రకారం డిమెన్షియా ఉన్నవారు చివరిసారి కనిపించిన చోటికి దగ్గరలోనే ఎక్కువగా దొరుకుతారు. దారి మూసుకుపోయి ఇరుక్కుపోయేవరకు ముందుకే నడుస్తారు. పొదలలో, కాలువగట్లలో, వాగులలో చిక్కుకుంటారు. పేరు పెట్టి పిలిచినా పలకరు, సహాయం కోసం కేకలు వేయరు. కనుక గాలింపును ఇంటి నుండే, ఇంటిలోని అటకలు, అలమరలు, స్నానపు గదితో సహా మొదలుపెట్టాలి. పెద్దవారు తప్పిపోయినపుడు ఒక రోజు చూద్దామనే అలవాటు ఇక్కడ పనికిరాదు.

అమెరికాలో శిక్షణ

అల్జీమర్స్ అసోసియేషన్ 1993లో "సేఫ్ రిటర్న్" అనే కార్యక్రమాన్ని ప్రారంభించింది. పేరు నమోదు చేసుకున్న వ్యక్తికి ఒక గుర్తింపు కంకణం ఇచ్చి, దొరికినవారు ఫోన్ చేస్తే కుటుంబానికి కబురు అందించేవారు. 1994లో అమెరికా కాంగ్రెసు చేసిన నేర నియంత్రణ చట్టంలో, తప్పిపోయిన అల్జీమర్స్ రోగుల కోసం ఒక ప్రత్యేక పథకానికి చోటు కల్పించారు. 1999లో వర్జీనియా రాష్ట్రంలోని చెసపీక్‌లో "ప్రాజెక్ట్ లైఫ్‌సేవర్" మొదలైంది. దీనిలో వ్యక్తి చేతికి రేడియో సంకేతాలను పంపే పట్టీ కట్టి, పోలీసులకు దానిని కనిపెట్టే పరికరాన్ని, శిక్షణను ఇస్తారు.

2000వ దశకం మధ్య నుండి, తప్పిపోయిన పిల్లల కోసం ఉన్న అంబర్ అలర్ట్ నమూనాలో వృద్ధుల కోసం "సిల్వర్ అలర్ట్" విధానం రాష్ట్రాలలో వ్యాపించింది. ఫ్లోరిడాలో ఇది 2008లో గవర్నరు ఉత్తర్వుతో అమలులోకి వచ్చింది. కారులో వెళ్ళి తప్పిపోయిన వృద్ధుల వాహన వివరాలను రహదారి బోర్డులపై ప్రదర్శించడం దీనిలోని ప్రత్యేకత. 2018లో వచ్చిన "కెవిన్ అండ్ అవాంటీ" చట్టం 1994 నాటి పథకాన్ని విస్తరించి, డిమెన్షియా ఉన్నవారితో పాటు ఆటిజం వంటి వైకల్యాలు ఉన్న పిల్లలను కూడా చేర్చింది. పోలీసుల శిక్షణకు, గుర్తింపు పరికరాలకు దీని కింద నిధులు ఇస్తారు.

అంతర్జాతీయ పోలీసు అధిపతుల సంఘం అమెరికా న్యాయశాఖ సహాయంతో పోలీసులకు అల్జీమర్స్ పై పాఠ్యాంశాలు రూపొందించింది. అల్జీమర్స్ అసోసియేషన్ పోలీసులకు, అగ్నిమాపక, అంబులెన్సు సిబ్బందికి ఉచిత అంతర్జాల శిక్షణను అందిస్తుంది. 1988లో టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌లో మొదలైన "క్రైసిస్ ఇంటర్వెన్షన్ టీమ్" అనే 40 గంటల శిక్షణ మానసిక సమస్యలు ఉన్నవారిని ఉద్దేశించినది. చాలాచోట్ల డిమెన్షియా పాఠాన్ని దీనిలో భాగంగా చెబుతారు.

లవ్‌లాండ్ ఘటన

శిక్షణ లేకపోవడం ఎంత దూరం తీసుకుపోగలదో చెప్పడానికి తరచు ఉదహరించే ఘటన కొలరాడో రాష్ట్రంలోని లవ్‌లాండ్ పట్టణంలో 2020 జూన్ 26న జరిగింది. డిమెన్షియా, దానితో పాటు మాటలు అర్థం కాని అఫేసియా అనే లోపం ఉన్న 73 ఏళ్ళ మహిళ ఒక దుకాణం నుండి సుమారు 14 డాలర్ల విలువైన వస్తువులతో డబ్బు చెల్లించకుండా బయటకు వచ్చింది. సిబ్బంది ఆమెను ఆపి వస్తువులను వెనక్కు తీసుకున్నారు. ఆమె ఇంటి దారి పట్టి, రోడ్డు పక్కన పూలు కోసుకుంటూ నడుస్తుండగా పోలీసు అధికారి వచ్చి ఆపాడు. ఆమె ఆగకుండా నడవడంతో కొద్ది క్షణాలలోనే చేయి వెనక్కు విరిచి నేలమీద పడవేశాడు. సుమారు 36 కిలోల బరువున్న ఆమెకు చేయి విరిగింది, భుజం కీలు తొలగింది. ఇంటికి వెళ్తున్నానని ఆమె పదే పదే చెప్పడం అధికారి కెమెరాలో నమోదైంది. గంటల తరబడి ఆమెకు వైద్యం అందలేదు. స్టేషనులో అధికారులు ఆ వీడియోను చూసి నవ్వుకున్న దృశ్యాలు 2021 ఏప్రిల్‌లో బయటకు వచ్చినపుడు దేశవ్యాప్తంగా నిరసన వ్యక్తమైంది.

2021 సెప్టెంబరులో పట్టణ పాలకవర్గం ఆ కుటుంబానికి 30 లక్షల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. అరెస్టు చేసిన అధికారి 2022లో నేరాన్ని అంగీకరించగా 5 సంవత్సరాల జైలు శిక్ష పడింది. పక్కనే ఉండి అడ్డుకోని మరొక అధికారికి 45 రోజుల జైలు, 3 సంవత్సరాల ప్రొబేషన్ విధించారు. వస్తువులు అప్పటికే తిరిగి దుకాణానికి చేరాయి కనుక ఆ అరెస్టులో తొందరపడవలసిన అవసరం ఏమీ లేదు. శిక్షకులు ఈ వీడియోలో ఎత్తిచూపేది దీనినే.

ఇతర దేశాలలో

బ్రిటన్

బ్రిటన్‌లో "హెర్బర్ట్ ప్రోటోకాల్" ప్రసిద్ధమైనది. రెండవ ప్రపంచ యుద్ధంలో నార్మండీ దిగ్విజయంలో పాల్గొన్న జార్జ్ హెర్బర్ట్ అనే సైనికుడు వృద్ధాప్యంలో డిమెన్షియాతో ఉండి, తన చిన్ననాటి ఇంటిని వెదుక్కుంటూ వెళ్ళి మరణించాడు. ఆయన పేరు మీద ఈ విధానం ఏర్పడింది. కుటుంబం ముందుగానే ఒక పత్రాన్ని నింపి ఉంచుకుంటుంది. దానిలో ఫోటో, వాడే మందులు, పాత చిరునామాలు, పనిచేసిన చోట్లు, ఇష్టమైన ప్రదేశాలు, ఇదివరకు తప్పిపోయి దొరికిన స్థలాలు ఉంటాయి. వ్యక్తి తప్పిపోయిన వెంటనే ఆ పత్రాన్ని పోలీసుల చేతికిస్తే, కంగారులో గుర్తురాని వివరాల కోసం సమయం వృథా కాదు. ఖర్చు దాదాపు లేని ఈ పద్ధతిని నార్ఫోక్ పోలీసులు ప్రారంభించగా తరువాత అనేక పోలీసు దళాలు స్వీకరించాయి.

2013లో ససెక్స్ పోలీసులు డిమెన్షియా ఉన్న కొందరికి జీపీఎస్ పరికరాలను సమకూర్చారు. ఇది వారి భద్రత కోసమా లేక నేరస్తుల మాదిరిగా నిఘా పెట్టడమా అని అప్పట్లో చర్చ జరిగింది.

జపాన్

జపాన్‌లో డిమెన్షియా వలన తప్పిపోయినట్లు పోలీసులకు అందిన ఫిర్యాదులు 2012లో 9,607 కాగా, 2023లో 19,039కి చేరాయి. హొక్కైడోలోని కుషిరోలో 1990వ దశకంలోనే పోలీసులు, టాక్సీ డ్రైవర్లు, రేడియో కేంద్రం, దుకాణదారులు కలసి గాలించే ఎస్‌ఓఎస్ నెట్‌వర్క్ ఏర్పడింది. ఫుకుఒకా ప్రిఫెక్చరులోని ఒమూతా నగరం 2004 నుండి తప్పిపోయిన వృద్ధుడి పాత్రను ఒకరికి ఇచ్చి, పట్టణ ప్రజలంతా పాల్గొనే మాదిరి గాలింపులను నిర్వహించింది. డిమెన్షియాకు వాడుతూ వచ్చిన అవమానకరమైన పదాన్ని 2004 డిసెంబరులో ప్రభుత్వం మార్చింది. 2005 నుండి సామాన్య ప్రజలకు దాదాపు 90 నిమిషాల "డిమెన్షియా సహాయకుల" శిక్షణ ఇస్తున్నారు. ఇప్పటికి కోటి మందికి పైగా ఈ శిక్షణ పొందారు. వీరిలో బ్యాంకు ఉద్యోగులు, బడి పిల్లలు, పోలీసులు ఉన్నారు.

2007లో ఐచి ప్రిఫెక్చరులో డిమెన్షియా ఉన్న 91 ఏళ్ళ వృద్ధుడు పట్టాలపైకి వెళ్ళి రైలు కింద పడి మరణించాడు. రైల్వే సంస్థ కుటుంబం నుండి నష్టపరిహారం కోరింది. కుటుంబం బాధ్యత లేదని 2016 మార్చి 1న జపాన్ సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఇరవై నాలుగు గంటలూ కాపలా కాయడం ఏ కుటుంబానికీ సాధ్యం కాదనే విషయం ఈ కేసుతో విస్తృతంగా చర్చకు వచ్చింది.

ఆస్ట్రేలియా

2023 మే 17న న్యూ సౌత్ వేల్స్ లోని కూమా పట్టణంలో, ఒక వృద్ధుల సంరక్షణ గృహంలో నడక చట్రం సాయంతో నడిచే 95 ఏళ్ళ మహిళ వంటింటి కత్తిని చేతపట్టుకోగా సిబ్బంది అత్యవసర సహాయం కోరారు. వచ్చిన పోలీసు అధికారి ఆమెపై టేజర్ ప్రయోగించాడు. కిందపడి తలకు గాయమైన ఆమె మే 24న మరణించింది. 2024 నవంబరులో జ్యూరీ ఆ అధికారిని నరహత్య నేరానికి దోషిగా నిర్ధారించింది. 2025 మార్చిలో న్యాయస్థానం అతనికి జైలు శిక్ష కాకుండా సమాజసేవతో కూడిన రెండేళ్ళ పర్యవేక్షణ శిక్ష విధించింది. శిక్ష చాలదన్న ప్రభుత్వ అప్పీలును అదే సంవత్సరం పై న్యాయస్థానం తోసిపుచ్చింది.

భారతదేశంలో

2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం ప్రకారం భారతదేశంలో 60 ఏళ్ళు పైబడినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నది. వీరిలో చాలామందికి వ్యాధి నిర్ధారణ జరగదు. ముసలితనంలో చాదస్తం అని ఇంటివారు సరిపెట్టుకుంటారు. కనుక తప్పిపోయినపుడు జబ్బు ఉన్నదన్న సమాచారమే పోలీసులకు అందదు.

రాజ్యాంగం ప్రకారం పోలీసు రాష్ట్రాల జాబితాలోని అంశం. ఐపీఎస్ అధికారులకు హైదరాబాదులోని సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీ శిక్షణ ఇస్తుంది. రోడ్డు మీద వృద్ధునికి ముందుగా ఎదురయ్యే కానిస్టేబులు, హోంగార్డుల శిక్షణ రాష్ట్ర ప్రభుత్వాల చేతిలో ఉంటుంది.

ఈ విషయానికి సంబంధించిన చట్టాలు:

• మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017: ఈ చట్టంలో మానసిక అస్వస్థతకు ఇచ్చిన నిర్వచనంలో జ్ఞాపకశక్తికి, స్థలకాల స్పృహకు కలిగే తీవ్రమైన లోపాలు కూడా ఉన్నాయి. 100వ సెక్షను ప్రకారం, తనను తాను చూసుకోలేక తిరుగుతున్న అటువంటి వ్యక్తిని స్టేషను అధికారి తన రక్షణలోకి తీసుకుని, 24 గంటలలోగా దగ్గరలోని ప్రభుత్వ వైద్యశాలకు చేర్చాలి. లాకప్పులో గాని జైలులో గాని ఉంచరాదు. ఇల్లూవాకిలీ తెలియని వ్యక్తి అయితే కుటుంబాన్ని వెదకే బాధ్యత కూడా స్టేషనుదే. పోలీసులతో సహా అధికారులకు ఈ విషయాలపై ఎప్పటికప్పుడు అవగాహన శిక్షణ ఇప్పించాలని 30వ సెక్షను చెబుతుంది.
• తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007: ఈ చట్టం కింద కేంద్రం రూపొందించిన నమూనా నియమాల ప్రకారం ప్రతి పోలీసు స్టేషను తన పరిధిలోని వయోవృద్ధుల, ముఖ్యంగా ఒంటరిగా ఉంటున్నవారి జాబితాను నిర్వహించి, క్రమం తప్పకుండా వారిని పలకరించాలి.
• భారతీయ నాగరిక సురక్షా సంహిత, 2023: 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న ఈ చట్టంలోని 35వ సెక్షను ప్రకారం, మూడేళ్ళ లోపు శిక్ష పడే నేరాలలో అశక్తులను, 60 ఏళ్ళు పైబడినవారిని డీఎస్పీ స్థాయి అధికారి అనుమతి లేకుండా అరెస్టు చేయరాదు.

తప్పిపోయినవారి గురించి అత్యవసర సంఖ్య 112కు ఫోన్ చేయవచ్చు. వయోవృద్ధుల సహాయం కోసం 14567 అనే ఎల్డర్ లైన్ 2021 నుండి దేశమంతటా పనిచేస్తున్నది. దీనికి మూలమైన సేవ 2017లో హైదరాబాదులో మొదలైంది. 1992లో స్థాపించబడిన అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా అనే స్వచ్ఛంద సంస్థ వివిధ నగరాలలో డిమెన్షియాపై అవగాహన కల్పిస్తున్నది.

భాష, సంబోధన

డిమెన్షియాలో ముందుగా కొత్త జ్ఞాపకాలు, తరువాత నేర్చుకున్న భాషలు మసకబారతాయి. మాతృభాష, బాల్యం చివరివరకు నిలుస్తాయి. జీవితమంతా ఇంగ్లీషులో ఉద్యోగం చేసిన వ్యక్తి కూడా తెలుగులో మాత్రమే జవాబు చెప్పవచ్చు. విదేశాలలో పిల్లల దగ్గర ఉంటున్న తెలుగు వృద్ధుల విషయంలో ఇది మరింత ముఖ్యం. 2015లో అలబామా రాష్ట్రంలో కొడుకు ఇంటి దగ్గర నడుస్తున్న 57 ఏళ్ళ గుజరాతీ వ్యక్తిని పోలీసు నేలకు పడవేయగా మెడలోని వెన్నుపూసకు తీవ్ర గాయమైంది. ఆయనకు డిమెన్షియా లేదు, ఇంగ్లీషు రాకపోవడమే అపార్థానికి కారణమైంది. భాష రాకపోవడానికి మతిమరుపు కూడా తోడైతే ప్రమాదం రెట్టింపవుతుంది. అక్కడి పోలీసులు ఫోనులో దుబాసీని పిలిచేందుకు వీలుగా, మాట్లాడే భాష పేరును గుర్తింపు కంకణం మీద రాయించడం మంచిది.

తెలుగునాట ఏకవచనంతో గద్దించడం కంటే "అమ్మా", "పెద్దాయనా", "తాతగారూ" అనే పిలుపుకు వృద్ధులు స్థిమితపడతారు. ఇంటి నంబరు, సెల్‌ఫోన్ నంబరు చెప్పలేనివారు "మీది ఏ ఊరు? ఎవరి తాలూకు?" అని అడిగితే చెప్పగలుగుతారు. అయితే ఆ జవాబు ఏ కాలానిదో ఆలోచించాలి. పెళ్ళై యాభై ఏళ్ళయిన మహిళ పుట్టింటి ఊరును, పుట్టింటివారి ఇంటిపేరును చెప్పవచ్చు. ఇప్పటి చిరునామా కాకపోయినా ఆ ఊరి స్టేషనుకు ఫోన్ చేస్తే బంధువుల ఆచూకీ దొరికే అవకాశం ఉంటుంది.

విమర్శలు, పరిమితులు

ఒక గంటసేపు వీడియో చూపించి శిక్షణ పూర్తయిందని నమోదు చేయడం వలన ప్రయోజనం తక్కువ అనేది ప్రధాన విమర్శ. ఇటువంటి తరగతుల వలన పోలీసుల అవగాహన, ఆత్మవిశ్వాసం పెరుగుతాయి కాని, వీధిలో వారి నడవడి మారాలంటే పై అధికారుల పర్యవేక్షణ, నటనతో కూడిన అభ్యాసం కూడా అవసరం. అమెరికాలోని పోలీస్ ఎగ్జిక్యూటివ్ రీసెర్చ్ ఫోరమ్ 2015లో జరిపిన సర్వే ప్రకారం, కొత్తగా చేరినవారికి తుపాకుల మీద సగటున 58 గంటలు, ఆత్మరక్షణ పద్ధతుల మీద 49 గంటలు శిక్షణ ఇవ్వగా, ఉద్రిక్తతను తగ్గించడం మీద 8 గంటలు మాత్రమే కేటాయించారు. ఎక్కువగా అభ్యసించినదే ఆపదవేళ చేతికి వస్తుంది.

రెండవ విమర్శ, పోలీసును పిలవవలసిన అవసరమే రాకుండా చూడాలన్నది. రాత్రివేళ సంరక్షణ గృహాలలో సరిపడా సిబ్బంది లేకపోవడం, ఇంటి దగ్గరకు వచ్చే వైద్యసేవలు లేకపోవడం వలననే చాలా ఫోన్లు పోలీసులకు వెళ్తున్నాయి. పోలీసు శిక్షణ ఈ లోటును తీర్చలేదు. అయితే అర్ధరాత్రి బస్టాండులో ఒంటరిగా కూర్చున్న వృద్ధుని దగ్గరకు మొదట వచ్చేది చాలాసార్లు గస్తీ పోలీసే కనుక, శిక్షణ అవసరం కూడా తీరిపోదు.

కుటుంబ సభ్యులు తీసుకోదగిన జాగ్రత్తలు

• ఇటీవలి ఫోటో, పాత చిరునామాలు, వాడే మందులు, ఇష్టమైన ప్రదేశాలు ఒక కాగితం మీద రాసి ఉంచుకోవాలి.
• పేరు, జబ్బు, ఫోన్ నంబరు ఉన్న కంకణం లేదా లాకెట్టు ధరింపజేయాలి. జేబులో పెట్టిన కార్డు పోవచ్చు.
• చుట్టుపక్కలవారికి, వీధిచివరి దుకాణదారుకు, ఆటో స్టాండువారికి విషయం చెప్పి ఉంచాలి. దాచిపెట్టడం వలన నష్టమే ఎక్కువ.
• కనిపించకపోతే ఇల్లంతా ఒకసారి వెదకి, వెంటనే పోలీసులకు తెలియజేయాలి. మిస్సింగ్ ఫిర్యాదులో డిమెన్షియా ఉన్న విషయాన్ని తప్పనిసరిగా రాయించాలి.
• పోలీసులు ఇంటికి వచ్చినపుడు ముందుగానే జబ్బు గురించి, ఏ మాటకు శాంతిస్తారో, దేనికి భయపడతారో చెప్పాలి.
• దొరికిన తరువాత పైకి గాయాలు కనిపించకపోయినా వైద్యునికి చూపించాలి. ఎక్కడికి వెళ్ళారని కోప్పడరాదు.

ఇవి కూడా చూడండి

• అల్జీమర్స్ వ్యాధి
• వృద్ధాప్యం
• మానసిక ఆరోగ్యం
• పోలీసు